పర్సిస్‌గారి పడవకి ఒక గొలుసు

ఒకరింటికి వెళ్ళి, వాళ్ళు వండిపెట్టిన చేపలు తిని, వాళ్ళ మంచినీళ్ళు తాగి, గడప దాటగానే ఫోను ఎదురుగా నిలబడి "పాపం, వీళ్ళకి ఏమీ లేదు, ప్రార్థించండి" అనేవాణ్ణి మన భాషలో ఏమంటారో నాకు తెలుసు. అచ్చులో వేయరు కాబట్టి రాయను. కానీ ఆ పని చేసింది మనవాళ్ళే. చదువుకున్నవాళ్ళు, మంచి ఉద్యోగాలవాళ్ళు, ఆదివారం తప్పకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆరాధనకి వెళ్ళేవాళ్ళు. దాని దెబ్బ తిన్నది మాత్రం పడవలో కాపురముండే ఒక అరవై ఆరేళ్ళ మనిషి. ఆవిడ గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. ఇంత కోపంగా రాయాల్సి వస్తుందనుకోలేదు.

పర్సిస్‌గారిది నరసాపురం. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు మిషన్ బడుల్లో పంతుళ్ళు. పెళ్ళయ్యాక న్యూజెర్సీలో పిస్కాటవే. మందుల కంపెనీ ల్యాబులో మాత్రలు సరిగ్గా కరుగుతున్నాయో లేదో చూసే ఉద్యోగం. భర్త లెవిగారిదీ అదే రంగం. రిటైరయ్యాక లెవిగారు అందరూ చేసే పని చేయలేదు. అంటే బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్ పెట్టించుకోలేదు. ముప్ఫై రెండడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొని, రారిటన్ అఖాతంలో భార్యాభర్తలిద్దరూ తలలకి దెబ్బలు తగిలించుకుంటూ నడపడం నేర్చుకున్నారు. పడవకి ఎబినేజరు అని, అంటే బైబిల్లో 'సహాయపు రాయి' అని, పేరు పెట్టారు. కోస్తాలో మన క్రైస్తవులు ఇల్లు కట్టినా, ఆటో కొన్నా, టైలరు షాపు తెరిచినా ఆ పేరే కదా.

ఆ పడవే ఇల్లు అనుకుని, తీరం వెంట ఫ్లోరిడా దాకా దిగి, అక్కణ్ణించి దీవి దీవికీ ఆగుతూ ప్యూర్టోరికో పక్కన కులెబ్రా, వియేకస్, ఆ తర్వాత వర్జిన్ దీవులు చేరారు. కులెబ్రాలో ఒక ఉదయం చేతిలో కాఫీ కప్పు ఉండగానే లెవిగారు పోయారు. పిస్కాటవేలో సమాధి కార్యక్రమం అయింది. పడవ అమ్మేస్తుందని అందరూ అనుకున్నారు. కొందరైతే ఆవిడకి సీనియర్ అపార్ట్‌మెంట్ కూడా చూసిపెట్టారు. ఆవిడ మళ్ళీ విమానమెక్కి కులెబ్రా వెళ్ళిపోయారు. "పడవ ఒక్కత్తే ఉందండీ అక్కడ" అన్నారు నాతో, ఇంటి దగ్గర ఆవుని వదిలి వచ్చినట్టు.

అప్పుడు మొదలైన మాటలు ఇన్నా అన్నా? ఆడమనిషి, ఒంటరిగా, నీళ్ళ మీద! మనవాళ్ళకి సముద్రమేంటి! ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగిలో తెలుగు వడ్రంగులు ఓడలు కట్టి దూరదేశాలకి పంపారు. మచిలీపట్నం రేవులో ఎన్ని దేశాల భాషలు వినపడేవో పాత ప్రయాణికులు రాసుకున్నారు. రెండు మూడు తరాలు ఆఫీసు కుర్చీలో కూర్చునేసరికి సముద్రం మనది కాకుండా పోయింది! సరే, దారి తప్పుతున్నాను.

లెవిగారితో నాకు పిస్కాటవే లైబ్రరీలో పరిచయం. ఆయన పోయాక కూడా ఏడాదికోసారి ఆ పడవ మీదికి వెళ్ళి కొన్నాళ్ళు ఉంటాను. నాకు ఈత రాదు, తాడు ముడి వేయడం రాదు. ఉల్లిపాయలు తరుగుతాను. పర్సిస్‌గారు లెవిగారి ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని, చుక్కాని దగ్గర కూర్చుంటారు. మంచినీళ్ళు పొదుపు కనక బియ్యం రెండుసార్లు సముద్రపు నీళ్ళతో కడిగి, చివర మాత్రం గ్లాసుడు మంచినీళ్ళు పోస్తారు. ఆవకాయ జాడీలు పగలకుండా లెవిగారి పాత మేజోళ్ళు తొడుగుతారు. సాయంత్రం పడవలో ఒక్కరే ఉన్నా కుటుంబ ప్రార్థన పైకే చేస్తారు, పాటతో సహా.

ఆవిడ కొత్త దీవికి వెళ్ళే పద్ధతి ఒకటుంది. చాలామంది లంగరు వేసీ వేయగానే ఒడ్డుకి దూకి, ఫొటోలు తీసి, బీరు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పర్సిస్‌గారు ఊరికి కనబడేంత దూరంలో లంగరు వేసి పడవలోనే ఉండిపోతారు. గిన్నెలు తోముకుంటారు, బట్టలు ఆరేసుకుంటారు. ఊరు ఆవిణ్ణి చూడాలి ముందు. ఎవరో ఒకరు పడవ దగ్గరికి వచ్చి పలకరిస్తే అప్పుడు ఒడ్డుకి. ఆదివారం గుళ్ళో చివరి బెంచీ. కెమెరా అసలు బయటికి తీయరు. "దీవి అంటే పెరడండీ, ఎవరి పెరట్లోకైనా గోడ దూకి వెళ్తామా?" అంటారు. ఈ పద్ధతిలో ఆవిడ చూసిన చిన్నచిన్న ఊళ్ళు, తిన్న భోజనాలు, ఎత్తుకున్న పసిపిల్లలు నేను దేశాలన్నీ తిరిగి చూసినదానికంటే ఎక్కువ.

అలా చేరిన ఊరు ప్రూడెన్స్ దీవి. వర్జిన్ దీవుల్లో పెద్దవాటి వెనక దాక్కున్న చిన్న ముక్క. అమెరికా జెండా, అమెరికా పోస్టు, కొండవాలున రంగురంగుల ఇళ్ళు, రాతి గుడి ఒకటి. ఊరివాళ్ళ పూర్వీకులు చెరకు తోటల్లో బానిసలు. ఆ రాళ్ళు మోసి గుడి కట్టింది వాళ్ళే, మన డెల్టాలో మొదటి మిషన్ బడి తెరవడానికి ఎంతో ముందు. అక్కడి పెద్దావిడ మిస్ యూలలీ. పెద్ద దీవిలో బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు. గుళ్ళో ఆర్గన్ వాయించేది ఆవిడే. ఎనభై దాటినా తన పడవ తానే తెడ్డు వేసుకుంటారు.

ఆ దీవికి ఒక పక్క మడ చెట్ల మధ్య సన్నటి పాయ ఉంది. లోపలికి వెళ్తే గాలి చప్పుడే వినపడదు. తుఫానుల కాలంలో ఊరి పడవలన్నీ అందులోకి వెళ్తాయి. నీటి అడుగున పాత ఇనప గొలుసులు పాతిపెట్టి ఉంటాయి. ఒక్కో గొలుసూ ఒక్కో ఇంటిది. తాత నుంచి మనవడికి వస్తుంది. బయటి పడవని అందులోకి రానివ్వరు. మిస్ యూలలీ భర్త జాలరి. ఆయన పోయాక వాళ్ళింటి గొలుసు ఖాళీగా పడి ఉంది. ఒక ఏడాది ఆవిడ తెడ్డు వేసుకుంటూ ఎబినేజరు దగ్గరికి వచ్చి, "మా ఆయన గొలుసుకి నీ పడవ కట్టుకో" అన్నారు.

ఆ మాటకి విలువ తెలియాలంటే అక్కడి వేసవి తెలియాలి. జూన్ నుంచి నవంబరు దాకా ఏ వారం ఏ తుఫాను వస్తుందో తెలియదు. బయట లంగరు మీద ఉన్న పడవ పెద్ద గాలికి రాళ్ళ మీద పడితే అగ్గిపుల్లలే. పర్సిస్‌గారికి వేరే ఇల్లు లేదు. పిస్కాటవే ఇల్లు ఎప్పుడో అమ్మేశారు. ఆ గొలుసు ఉంటే పడవ ఉంటుంది, పడవ ఉంటే ఆవిడ ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, ఊరు ఆవిణ్ణి తనలో కలుపుకుందనడానికి ఆ గొలుసే గుర్తు.

ఇక తమ్ముడి సంగతి.

ఆమోసు పర్సిస్‌గారి కన్నా చాలా చిన్నవాడు. ఎత్తుకుని పెంచింది ఆవిడే. అమెరికా తెచ్చిందీ ఆవిడే. ఇప్పుడు పిస్కాటవేలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. అమెరికన్ల గుడి హాలు మధ్యాహ్నం పూట అద్దెకి తీసుకుని ఆరాధన జరుపుకునే ఒక తెలుగు సంఘానికి సెక్రటరీ. సంఘంలో పిల్లలు కాలేజీ అప్లికేషన్లకి వచ్చే వయసులో ఉన్నారు. అతని కూతురు అబిగేల్ కూడా. అప్లికేషన్‌లో సేవ చేసినట్టు రాయాలి. చలికాలం రోడ్డు పక్కన ఆకలితో ఉన్నవాళ్ళకి సూపు పోస్తే సరిపోదట, అందరూ అదే రాస్తారట. దీవి అయితే బాగుంటుంది. అక్క ఎలాగూ అక్కడ ఉంది.

"మేమొచ్చి వాళ్ళతో కలిసి ఆరాధనలో కూర్చుంటాం అక్కా, అంతే. పిల్లలు నాలుగు చోట్లు చూస్తారు" అన్నాడు ఫోన్లో. పర్సిస్‌గారు వెళ్ళి మిస్ యూలలీని అడిగారు. "నీవాళ్ళు మాకూ అయినవాళ్ళే. రమ్మను" అన్నారు ఆవిడ.

ఈస్టరు వెళ్ళాక వచ్చారు. ఒకరా ఇద్దరా? పెద్ద దీవి నుంచి అద్దె పడవ నిండా. అందరికీ ఒకే రంగు టీషర్టులు. చేతిలో బ్యానరు, దాని మీద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ 'ద్వీపముల సువార్త దండయాత్ర'. దండయాత్రట! బానిస ఓడల్లో వచ్చినవాళ్ళ మనవలున్న ఊరిమీదికి ఓడ వేసుకుని దండయాత్రకి వచ్చారు మనవాళ్ళు. పెట్టెలు విప్పితే పాత బట్టలు. వాటిలో సగం మంచుకాలం కోట్లు! చెట్టు కింద కూర్చున్నా చెమట కారే చోట, దూది నింపిన కోటు ఒకటి పట్టుకుని ఊరి పెద్దమనిషి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. మర్యాదస్థుడు కనక థాంక్యూ అన్నాడు.

పుట్టిన దగ్గర్నుంచీ ఇంగ్లీషే మాట్లాడే ఆ ఊరివాళ్ళతో ఆమోసు ఒక్కో మాటా విడగొట్టి, చేతులూపుతూ ఇంగ్లీషు మాట్లాడాడు. "గాడ్... లవ్స్... యూ." ముందు బెంచీలో కూర్చున్న ముసలాయన "ఎస్, వి హర్డ్" అన్నాడట. ఊరివాళ్ళు మాత్రం చేపలు వండారు, మొక్కజొన్న సంకటి కలిపారు, పిల్లలకి వాళ్ళ పడవల మీద షికారు తిప్పారు. పర్సిస్‌గారు సిగ్గుతో చచ్చిపోతూనే, ఎలాగో గడిచిపోయింది, మర్యాదగా పంపేశాం అనుకున్నారు.

వీడియో తర్వాత వచ్చింది.

నేనూ చూశాను. వెనక వయొలిన్. రంగులేసిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఎప్పుడో తుఫానుకి కప్పు ఎగిరిపోయి ఇప్పుడు మేకలు కట్టేసుకునే కొట్టం ముందు ఊరి పిల్లల్ని నిలబెట్టారు. ఒక కుర్రాడి కాళ్ళకి కొత్త స్నీకర్లు ఉంటే విప్పించారు. ఆ తర్వాత మిస్ యూలలీ. ఒడ్డుకి కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కంపు కొడుతుందని పాత గౌను వేసుకుని పారతో ఎత్తిపోస్తున్నారు. అది దూరం నుంచి తీసి, కింద అక్షరాలు: 'ఈ తల్లి మొట్టమొదటిసారి దేవుని మాట విన్నది.'

ఆర్గన్ వాయించే మనిషి! ఆవిడ బడిలో ఎంతమంది ఆ మాట చదవడం నేర్చుకున్నారో!

నాకు కోపం వచ్చింది. పర్సిస్‌గారికి వచ్చినది వేరు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు నరసాపురంలో మిషన్ హాస్టల్లో చదివింది. విదేశాల్లో చందాదారులకి పంపడానికి దొరలు పిల్లల ఫొటోలు తీసేవాళ్ళట. ఆ పిల్ల చెవులకి బంగారు కమ్మలుండేవి, తండ్రి చేయించినవి. ఫొటో ముందు అవి తీయించారు. జుట్టు దువ్వుకుంటే చెరిపించారు. కింద ఏం రాశారో ఆవిడకి పెద్దయ్యాక తెలిసింది. చనిపోయేదాకా ఆ ఫొటో ఇంట్లో గోడకి పెట్టనివ్వలేదట. "కమ్మలున్నాయే నాకు" అనేదట, మనవరాలికి చెప్పేటప్పుడు కూడా చెవులు తడుముకుంటూ. ఆ నాయనమ్మకి ఆమోసూ మనవడే. అతనికీ ఆ కథ తెలుసు. తెలిసీ కుర్రాడి బూట్లు విప్పించాడు!

పెద్ద దీవిలో ఉద్యోగం చేసే ఊరి కుర్రాళ్ళ ఫోన్ల ద్వారా వీడియో ప్రూడెన్స్ చేరింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఊరు గుళ్ళోనే కూర్చుని మాట్లాడుకుంది. ఆ ఊళ్ళో తప్పు జరిగితే పోలీసు లేదు. తప్పు చేసినవాళ్ళు ముందు బెంచీ పక్కన నిలబడి, ఏం చేశారో సొంత మాటల్లో చెప్పి కూర్చోవాలి. అంతే. తర్వాత దాని గురించి ఎవరూ ఎత్తరు. మిస్ యూలలీ పర్సిస్‌గారి దగ్గరికి వచ్చి చెప్పారు: ఆ బొమ్మ పోవాలి, తీసినవాడు వచ్చి నిలబడాలి. అప్పటిదాకా ఎబినేజరు గొలుసు మీద ఉండదు.

"నేను నిలబడతాను. నా మాట మీదే కదా వచ్చారు" అన్నారు పర్సిస్‌గారు.

"నువ్వు నిలబడటం సరే. నువ్వు తీయలేదుగా."

పర్సిస్‌గారు గొలుసు విప్పి, పాయలోంచి బయటికి వచ్చి, రెండు లంగర్లు వేసుకుని కూర్చున్నారు. జూలైలో నేను వెళ్ళేసరికి అలాగే ఉన్నారు. ఎబినేజరు వదిలిన గొలుసు ఖాళీగానే ఉంది, దానికి ఇంకెవరూ పడవ కట్టలేదు. తుఫాను కబుర్లు వచ్చే రేడియో పొద్దస్తమానూ మోగుతోంది. ఆదివారం గుడికి వెళ్తే జనం పలకరించారు గానీ, పక్కన కూర్చోలేదు.

తమ్ముడికి ఫోన్లు నా ఎదుటే చేసేవారు, స్పీకర్ పెట్టి.

"అక్కా, ఆ వీడియోకి ఎంత రెస్పాన్స్ వచ్చిందో తెలుసా? అల్ఫారెట్టా సంఘంవాళ్ళు కూడా షేర్ చేశారు."

"తీసెయ్."

"తీసేస్తే ఎట్లా అక్కా! కమిటీ అప్రూవ్ చేసింది. పాస్టరుగారు సండే సర్వీస్‌లో స్క్రీన్ మీద ప్లే చేశారు. జనం ఏడ్చారు తెలుసా?"

"మిస్ యూలలీ మొట్టమొదటిసారి దేవుని మాట వినడమేంట్రా? ఆవిడ గుళ్ళో ఆర్గన్ వాయిస్తుంటే నువ్వు వినలేదూ?"

"అంటే... కాప్షన్ అబిగేల్ పెట్టింది."

వెనకనుంచి పిల్ల గొంతు: "డాడీ, వాట్! నువ్వే కదా ఇమోషనల్‌గా పెట్టమని చెప్పావ్? అత్తా, నేను జస్ట్ టైప్ చేశా, అంతే."

"నువ్వుండమ్మా. ఆమోసూ, నువ్వొచ్చి వాళ్ళ ముందు నిలబడి తప్పయిందని చెప్పాలి."

"ఆఫీస్‌లో రిలీజ్ ఉందక్కా. ఒక పని చేద్దాం, నేనో మంచి ఇమెయిల్ డ్రాఫ్ట్ చేస్తా. గిఫ్ట్ కార్డులు కూడా పంపుదాం, ఇంటికొకటి."

"గిఫ్ట్ కార్డులా! ఆ దీవిలో కొట్టే లేదురా."

"ఆన్‌లైన్‌లో వాడుకుంటారు కదక్కా."

పర్సిస్‌గారు ఫోను పెట్టేశారు. నేను నోటికొచ్చినట్టు తిడుతున్నాను. "మీరు ఆ ఉల్లిపాయలు తరగండి" అన్నారు.

ఆగస్టులో తుఫాను ఒకటి బయల్దేరింది. మా మీదికే వస్తుందన్నారు. ఊరి పడవలన్నీ పాయలోకి వెళ్ళిపోయాయి. ఎబినేజరు ఒక్కటే బయట. వేరే దీవికి పోదామన్నాను. చోటు ఎక్కడుంది, అన్నీ నిండిపోయాయి. నన్ను బలవంతాన కొండ మీద గుడికి పంపేసి, ఆవిడ పడవలోనే ఉండి, లంగరు తాళ్ళు రాపిడికి తెగకుండా గుడ్డలు చుట్టుకుంటూ కూర్చున్నారు. గాలి ఉత్తరానికి తిరిగిపోయింది. తోక మాత్రమే తగిలింది. ఆ తోకకే ఒక లంగరు ఊడింది. తెల్లారి పడవ రాళ్ళకి ఇంటి వాకిలంత దూరంలో ఉంది. ఆవిడ చేతులు తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయాయి. ఆ చేతులతోనే ఫోను తీసి తమ్ముడికి చేశారు.

"ఆమోసూ, ఈ ఆదివారం వస్తే రా. రాకపోతే ఇంకెప్పుడూ నన్ను అక్కా అనకు."

అరవలేదు. అందుకే భయపడినట్టున్నాడు. కూతుర్ని తీసుకుని వచ్చాడు.

ఆదివారం గుడి నిండింది. ఆరాధన అయింది. ముందు బెంచీ పక్కన నిలబడాలని, రెండు మాటల్లో చెప్పాలని పర్సిస్‌గారు అతనికి దారిలోనే చెప్పారు. ఆమోసు లేచాడు. బెంచీ పక్కన ఆగలేదు. తిన్నగా మెట్లెక్కి ప్రసంగ పీఠం వెనక్కి వెళ్ళి, రెండు చేతులూ దాని అంచుల మీద వేసి, "ప్రైజ్ ది లార్డ్!" అన్నాడు.

సాక్ష్యం, అంటే దేవుడు తన బతుకులో చేసిన మేళ్ళ చిట్టా, మొదలైంది. మన సంఘాల్లో పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నరసాపురంలో బీదతనం. వీధి దీపం కింద చదువు. హైదరాబాదులో కోచింగు. వీసా రెండుసార్లు రిజెక్టయి, ఉపవాస ప్రార్థన చేస్తే మూడోసారి వచ్చిన వైనం. లేఆఫ్‌లో అందరి ఉద్యోగాలూ పోయి అతనిది మిగలడం. గ్రీన్ కార్డు. ఇల్లు కొనడం, వడ్డీ రేటుతో సహా! ఈ దీవి భారాన్ని ప్రభువు అతని గుండె మీద మోపడం. ఇప్పుడు శత్రువు దాడి చేసి కొన్ని అపార్థాలు సృష్టించడం. కళ్ళు తుడుచుకున్నాడు. ఊరివాళ్ళు అట్ట విసనకర్రలు ఊపుకుంటూ, ఆగిన చోటల్లా మర్యాదగా ఆమెన్ అన్నారు.

అతను నాటకం ఆడటం లేదని నా నమ్మకం. అందుకే ఇంకా మండింది. తప్పయిందని చెప్పాలంటే చేసింది నేనే అనాలి. సాక్ష్యంలో ఆ బాధ లేదు. మంచి జరిగితే దేవుడు, చెడు జరిగితే సైతాను, మధ్యలో మనం కళ్ళు తుడుచుకుంటూ శుభ్రంగా నిలబడి ఉంటాం. ఎన్ని గొంతులు ఇలా పీఠం ఎక్కి, చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పి దిగగా విన్నానో! గుడే అని ఏముంది, సాహిత్య సభల్లో, రాజకీయ సభల్లో మాత్రం తక్కువా?

దీవెనల చిట్టా మళ్ళీ మొదలై కొత్త కారు దగ్గరికి వచ్చేసరికి పర్సిస్‌గారు చివరి బెంచీలోంచి లేచారు.

"ఆమోసూ, కూర్చో."

"వన్ మినిట్ అక్కా, కన్‌క్లూడ్ చేస్తున్నా."

"కూర్చోరా!"

తెలుగు ఒక్క ముక్క రాని ఊరు. ఒక్కరికీ అర్థం కాకుండా పోలేదు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమోసు పీఠం దిగాడు. కూర్చోడానికి చోటు కనపడక అక్కడే నిలబడిపోయాడు, ముందు బెంచీ పక్కన. పర్సిస్‌గారు నడిచి వచ్చి అతని పక్కన నిలబడి, ఇంగ్లీషులో, పిస్కాటవే ల్యాబులో రిపోర్టు చదివినట్టు చెప్పారు:

"వీళ్ళు నా మాట మీద వచ్చారు. మీరెవరో వీళ్ళకి నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. మీ పిల్లాడి బూట్లు విప్పించారు. మిస్ యూలలీ గురించి అబద్ధం రాశారు. ఆ తప్పులో నాకూ భాగముంది."

మిస్ యూలలీ ఆర్గన్ ముందు నుంచి ఆమోసు వైపు తిరిగారు. "నీ సంగతేమిటి నాయనా?" అన్నట్టు చూశారు. బళ్ళో ఎంతమంది పిల్లలు ఆ చూపు కింద నిలబడ్డారో గానీ, మేనేజరుగారి చొక్కా కాలరు తడిసిపోయింది. అతని కళ్ళు కూతురి మీదికి వెళ్ళాయి. మళ్ళీ పిల్ల మీద పెడతాడేమోనని నేను పళ్ళు బిగబట్టుకున్నాను. అబిగేల్ తల దించుకోలేదు. తండ్రి ఏమంటాడా అని చూస్తోంది.

"రాయమన్నది నేనే" అన్నాడు ఆమోసు. "ఆవిడ ఆర్గన్ వాయించడం విన్నాను. విన్నాక కూడా రాయమన్నాను. బూట్లు విప్పమన్నదీ నేనే. తప్పు. ఐ యామ్ సారీ."

ఇంత చిన్నది! దీనికోసం ఒక మనిషి తుఫానులో చేతులు ఒలిపించుకోవాల్సి వచ్చింది.

వీడియో అప్పుడే తీసేయమన్నారు. బయట పడవ మీద పెద్ద దీవి సిగ్నల్ అందుతుంది గానీ, గుళ్ళో రాదు. కొండ చివరికి ఎక్కితే వస్తుంది. ఊరి పెద్దమనుషులు ఇద్దరు ముందొకరు వెనకొకరు నడవగా, మధ్యలో ఆమోసు ఫోను ఆకాశం వైపు ఎత్తిపట్టుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో కొండెక్కాడు. కింద భోజనాలు మొదలయ్యాయి, వాళ్ళకోసం ఆగలేదు. దిగి వచ్చాక పెద్దమనిషి ఒకాయన తల ఊపాడు. అందరూ చూశారు. ఆమోసుకి పళ్ళెం ఇచ్చారు.

ఊరి తీర్పు మిస్ యూలలీ చెప్పారు: గొలుసు ఈ తుఫానుల కాలం వరకు. క్రిస్మస్ తర్వాత ఊరు మళ్ళీ కూర్చుంటుంది.

ఇదేం న్యాయమని నేను రేగిపోయాను. ఇన్నేళ్ళుగా ఆవిడ నడిచిన నడత చూశారు కదా! తప్పు ఒప్పుకున్నాడు, బొమ్మ పోయింది, ఇంకా ఏం చూస్తారు? పర్సిస్‌గారికి మాత్రం కోపం రాలేదు.

"మన ఫోన్లో పోయింది గానీ, షేర్ చేసినవాళ్ళ ఫోన్లలో పోలేదు కదండీ. అదింకా తిరుగుతూనే ఉంటుంది. ఒక కాలం ఇచ్చారు, అదే ఎక్కువ. మీకు కోపం తొందర."

తొందరే. ఇది రాస్తున్న ఇప్పటికీ తగ్గలేదు.

పోటు ఎక్కగానే ఎబినేజరుని పాయలోకి తెచ్చాం. మడ చెట్ల కొమ్మలు రెండు పక్కలా తాకేంత దగ్గర. మిస్ యూలలీ తన చిన్న పడవలో ముందే వచ్చి, నాచు పట్టిన గొలుసు కొస కొక్కెంతో పైకి లాగి పట్టుకున్నారు. ఆమోసు ముందు భాగాన తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఇలాగా?"

"అలా కాదు. వేలు మధ్యలో పెట్టకు, తెగిపోతుంది."

"నన్ను అందరి ముందూ కూర్చోమన్నావ్."

"అన్నాను."

"సంఘం సెక్రటరీనక్కా. పిల్ల కూడా చూసింది."

"మన ఊళ్ళో అయితే సాక్ష్యం పది నిమిషాలు దాటగానే పాస్టరు అయ్యగారు గంట కొట్టేవారు. ఇక్కడ గంట లేదని నేను అనాల్సి వచ్చింది. అటు లాగు."

అబిగేల్ నవ్వు ఆపుకోలేక కేబిన్‌లోకి దిగిపోయింది. గొలుసు కొలికి పడింది. పడవ ఒకసారి వెనక్కి జరిగి, గొలుసు బిగుసుకుని, కదలకుండా నిలబడింది. పర్సిస్‌గారు కట్లు కట్టిన చేత్తో దాన్ని ఒకసారి లాగి చూసుకున్నారు.

మిస్ యూలలీ తెడ్లు అందుకుని వెనుదిరిగారు.

"వచ్చే ఏడాది మేం రావచ్చా అక్కా?" అన్నాడు ఆమోసు. "బ్యానరు లేకుండా, ఏమీ లేకుండా. మేమిద్దరమే."

"నన్నడుగుతావేంరా? ఆవిణ్ణి అడుగు."

తెడ్లు వేసే మనిషి ముఖం ఎప్పుడూ వదిలి వెళ్తున్న వైపే ఉంటుంది కదా. మిస్ యూలలీ మమ్మల్ని చూస్తూనే, నెమ్మదిగా దూరమవుతున్నారు. పిలిస్తే వినపడేంత దగ్గరలోనే చాలాసేపు ఉన్నారు. ఆమోసు నోరు తెరిచాడు, మూశాడు. ఆవిడ పడవ మడ చెట్ల మలుపు తిరిగేదాకా అడగలేకపోయాడు.